వెండి పలకలు ముప్పై ఆరు

మృగశిర కార్తె తొలి శనివారం తెల్లవారుతుండగా నల్లమల అంచున జీపు దిగేసరికి అనంతయ్య శెట్టి చేతిలో ఉన్న సరుకు ఇంత: చొక్కా జేబులో మూడు వందల గ్రాముల చిన్న కెమెరా, దానికి అదనంగా ఒక బ్యాటరీ, భుజాన గుడ్డసంచిలో ప్లాస్టిక్ కవరు నిండా అటుకులు, నీళ్ల సీసా, టార్చిలైటు, పాత పంచెలో నాలుగు మడతలు చుట్టిన గాజు పలక ఒకటి. అంతా కలిపి రెండున్నర కిలోలు దాటదు. వీటికి తోడు యాభై ఎనిమిదేళ్ల వయసు, ఎడమ మోకాలిలో నొప్పి. వాటికి తూకం లేదు గనక లెక్కలో వేయలేదు.

దస్తగిరి సంగతి వేరు. నంద్యాలలో పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్‌గా అతనికి పేరుంది. వీపున పెద్ద సంచి, అందులో పెద్ద కెమెరా, మూడు లెన్సులు, ఫ్లాషు. సంచి పక్కన కట్టిన ఇనుప ముక్కాలి స్టాండు. మొత్తం పద్నాలుగు కిలోలు. అందులో పన్నెండు కిలోలు పాత కెమెరాలు కొని అమ్మే తన ఇరుకు దుకాణంలో అనంతయ్యే స్వయంగా అతనికి అమ్మాడు. బరువు ఉంటేనే నాణ్యమని చెప్పి మరీ అమ్మాడు.

"శెట్టిగారూ, ఆ సబ్బుపెట్టెతో కొండను తీస్తారా? కొండ నవ్వుతాది" అన్నాడు దస్తగిరి, సంచి పట్టీలు బిగించుకుంటూ.

"నవ్వనీ నాయనా. నవ్వే మొహమే ఫోటోలో బాగుంటాది."

ముందు నడుస్తున్న భూమని లింగన్న వెనక్కి తిరగకుండానే అన్నాడు. "నవ్వులు కొండెక్కినాక నవ్వుకోండి. పడమర సూడండి. మబ్బు కడుతుండాది. మధ్యాన్నం లోపల పోయి రావాల."

లింగన్న చెంచు. ఏభై దాటిన మనిషి. తేనె తీయడానికి ఈ కొండల్ని కాళ్లతో చదివినవాడు. అతని దగ్గర నడుముకు ఒక కత్తి, భుజాన చుట్టిన నార తాడు తప్ప మరేమీ లేవు. అనంతయ్య అతని వైపు చూసి, ముగ్గురిలో సరుకు తెలివిగా కట్టుకున్నవాడు ఇతడే అనుకున్నాడు.

ఈ ప్రయాణానికి మూలం పంచెలోని గాజు పలక. రెండు నెలల కిందట మార్కాపురం వైపు ఒక పాత స్టూడియో మూతపడితే, అందులోని తుక్కు లెన్సుల పెట్టెను అనంతయ్య తూకానికి కొన్నాడు. పెట్టె అడుగున ఇది దొరికింది. ఫిల్ము రాకముందు ఫోటోలు గాజు మీదే తీసేవారు. వెలుగుకు ఎత్తి చూస్తే తెలుపు నలుపు తారుమారు: ఆకాశం నల్లగా, కొండ నెత్తిన రెండు గుండ్లు, ఒక గుండు కింద గుహ నోరు పాలలా తెల్లగా. అంచున సూదితో గీకిన అక్షరాలు కుడి ఎడమలు మారి ఉన్నాయి. అద్దం ముందు పెట్టి చదివాడు.

'వెండి పలకలు ముప్పై ఆరు. మోయలేక ఈ గుహలో ఉంచినాను.'

ఆ పూట అనంతయ్యకు అన్నం సహించలేదు. వెండి! ముప్పై ఆరు! మోయలేనంత! కానీ ఏ కొండ? ఏ గుహ? ఆ ప్రశ్న రెండు నెలలు అతన్ని కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు. చివరికి పోయిన వారం దస్తగిరి ఒక లెన్సు అద్దెకు అడగడానికి లింగన్నను వెంటబెట్టుకొని దుకాణానికి వచ్చాడు. బల్ల మీది పలకను లింగన్న వెలుగుకెత్తి ఒక్క చూపు చూశాడు.

"ఇవి మా జంటగుండ్లు గదా!"

అక్కడికక్కడే బేరం కుదిరింది. లింగన్నకు కావలసింది వెండి కాదు, ఒక ఫోటో. జంటగుండ్ల కింద మెట్ట మీద ఒకప్పుడు మోదుగు పెంట అనే వాళ్ల ఊరు ఉండేది. లింగన్న తాత కాలంలో జ్వరాలు వచ్చి జనం కిందికి దిగిపోయారు. ఇప్పుడు ఆ మెట్టను రాయి తవ్వుకోవడానికి ఎవరో లీజు అడిగారు. అక్కడ ఏనాడూ మనుషులు కాపురం ఉండలేదని అర్జీలో రాశారు.

"పెంట అంటే ఎరువుకుప్ప గదా అని నవ్వినారు శెట్టీ" అన్నాడు లింగన్న ఆ రోజు. "మా కాడ పెంట అంటే ఊరు. మా తాతలను పూడ్చింది ఆడ. సోమవారం విచారణ. రుజువు తెమ్మన్నారు. కింద నుంచి తీస్తే చెట్లే పడతాయి. పైన గవులుండాయి, గుహలు. గవి నోట్లో నుంచి తీస్తేనే మా ఇండ్ల పునాదిరాళ్లు అగపడతాయి. ఆ ఒక్క ఫోటో తీసియ్యండి. గవిలో ఏం దొరికినా మీరే తీసుకోండి."

డ్రోను ఎగరేయకూడదని, చీకటి పడేలోగా బయటికి వచ్చేయాలని అడవి అనుమతి కాగితంలోనే ఉంది. కనుక కాళ్లే గతి. సోమవారానికి మధ్య ఉన్నది ఒక్క ఆదివారం.

టేకు చెట్లు దాటి, వెదురు పొదలు దాటి, వాగు ఎండు రాళ్ల మీదుగా రెండు గంటలు నడిచాక జంటగుండ్లు కనిపించాయి. అప్పుడు చిక్కు వచ్చింది. ఆ కొండ చరియ నిండా బొక్కలే. ఒకటి కాదు, రెండు కాదు.

"ఏడు గవులు నాకు తెలిసినవి. మా పెంట అగపడేవి వాటిల్లో మూడు" అన్నాడు లింగన్న. "మూడూ ఎక్కే పొద్దు లేదు."

"ఎదురు శిఖరం ఎక్కి పలకతో పోల్చి చూద్దాం" అన్నాడు దస్తగిరి. "పాతకాలం ఫోటోగ్రాఫరు అక్కడ నుంచే తీసుంటాడు. మంచి జాగా అది. నేనయినా ఆడనే నిలబడతా."

అనంతయ్య తల అడ్డంగా ఊపాడు. ఎవరి చేతిలో ఎంత బరువుందో తెలిస్తే వాళ్లు ఎంత దూరం పోగలరో అతనికి తెలుస్తుంది. నలభై ఏళ్ల వ్యాపారం నేర్పిన విద్య అది.

"ఆ కాలం కెమెరా అంటే దేవదారు పెట్టె. దానికి కొయ్య ముక్కాలి. డజను గాజు పలకలు, నల్లగుడ్డ, కడగడానికి మందులు, తొట్టెలు. నలుగురు మోసే కావళ్లు. అంత మోతతో శిఖరం ఎక్కుతాడా వాడు? కావడి దించే చదును కావాల, పలకలు కడగడానికి నీళ్లు కావాల. లింగన్నా, ఈ చుట్టుపక్కల ఎండాకాలం కూడా నీళ్లుండే చోటు యాడ?"

"చెలమ ఒకటుండాది. అదిగో, ఆ జువ్విమాను కింద."

"పద!"

చెలమ పక్కన బల్లపరుపు బండ ఉంది. బండ మీద నిలబడి అనంతయ్య గాజు పలకను ఆకాశానికి ఎత్తాడు. రెండడుగులు వెనక్కి, అడుగు పక్కకు. గాజులోని గుండ్ల మీద ఎదుటి గుండ్లు సరిగ్గా కూర్చున్నాయి. పాలతెలుపు గుహ నోరు ఎడమ గుండు కింద ఒక నల్లటి రంధ్రం మీద వాలింది. ఆ రంధ్రానికి అడ్డంగా ఏవో తెరలు వేలాడుతున్నాయి.

"అది ఈగల గవి!" లింగన్న గొంతు తగ్గింది. "ఆ నల్లగా వేలాడేవి తేనెపట్లు. పెద్ద ఈగ. ముందు నుంచి పోలేం. మా పెద్దోళ్లు తీగ నిచ్చెనతో దిగేటోళ్లు. ఆ చరియ ఎప్పుడో కూలింది. వెనక నీళ్ల సందు ఉండాది. వాన నీళ్లు పారే సందు." పడమటి ఆకాశం వైపు చూశాడు. "వాన పడితే అదీ లేదు. నడవండి, నడవండి!"

ఎక్కుడు మొదలైంది. కాలి కింద రాయి నిలవదు, పైన మబ్బు నిలవదు. ఒక మలుపులో, చేతికర్ర ఊనుకొని ఎక్కుతున్న దస్తగిరి కాలు జారింది. వీపున ఉన్న సంచి అతన్ని లోయవైపు గుంజింది. మనిషి ఇటు, బరువు అటు. లింగన్న అతని మోచెయ్యి దొరకబుచ్చుకొని, "వొదులు! కట్టె వొదులు, రాయి పట్టుకో!" అని అరిచాడు. దస్తగిరి చేతికర్ర లోయలోకి దొర్లిపోయింది. అతను బండకు ఒరిగి చాలాసేపు ఊపిరి పీల్చుకున్నాడు.

అదే సమయంలో మబ్బు చీలింది. ఒక ఎండ పట్టీ లోయ మీద పడి, అడవి మీదుగా పరుగెత్తింది. వెదురు గుంపులు ఒకదాని తర్వాత ఒకటి పచ్చగా అంటుకున్నాయి, వాగు వెండితీగలా మెరిసింది. వెనక కొండలన్నీ నల్లగా ఉన్నాయి.

"అయ్యో, ఉండండి, ఉండండి!" దస్తగిరి సంచి దించాడు. బకిల్ తీశాడు, లెన్సు మూత తీశాడు, స్టాండు కాళ్లు పీకాడు.

అనంతయ్య ఎడమ చేత్తో వేరు పట్టుకొనే ఉన్నాడు. కుడి చెయ్యి జేబులోకి పోయింది, బయటికి వచ్చింది, బొటనవేలు కదిలింది. నాలుగు ఫోటోలు. కెమెరా మళ్లీ జేబులోకి పోయింది.

దస్తగిరి స్టాండు మూడో కాలు నిలబెట్టేసరికి లోయ మళ్లీ మామూలు లోయ అయింది.

"ఎండ ఆగదు నాయనా" అన్నాడు అనంతయ్య. "ఎంత పెద్ద లెన్సయినా సంచిలో ఉంటే గుడ్డిదే."

"నాకు అమ్మేటప్పుడు చెప్పాల్సింది ఈ మాట!"

"అప్పుడు నా దగ్గర బరువు సరుకు ఎక్కువుండె."

లింగన్న ఫక్కున నవ్వాడు. ఆ రోజు అతను నవ్వింది అదొక్కసారే.

నీళ్ల సందు దగ్గర ఇంకో చిక్కు. రెండు బండల మధ్య మూరెడు ఎత్తు చీలిక. మనిషి బోర్లా పడుకొని పాకాలి. దస్తగిరి సంచి అందులో పట్టలేదు. నిలువుగా తోశాడు, అడ్డంగా తోశాడు, సంచిని తిట్టాడు, బండను తిట్టాడు.

"సంచి వొద్దు. ఫోను కూడా వొద్దు" అన్నాడు లింగన్న ఆకు పసరు వాళ్ల చేతులకు, మెడలకు రుద్దుతూ. "లోపల అది మోగిందా, ఈగలు మనల్ని మిగలనీవు. వాటికి వాసన కూడా పడదు, రెండు దినాలు సబ్బు ముట్టొద్దని చెప్పింది అందుకే. లోపల అరుపు లేదు, దగ్గు లేదు."

దస్తగిరి సంచిని, ఫోనును ఒక రాతి అరుగు కింద దాచాడు. కానీ స్టాండును మాత్రం వదల్లేదు. "కాళ్లు ముడిస్తే సన్నమే గదా! కొండెక్కి ఉత్తచేతుల్తో పోతే నాకే సిగ్గు" అని దాన్ని ముందుకు తోసుకుంటూ పాకాడు.

ముప్పై అడుగుల సందు. మధ్యలో ఒక నిలువు గుంట. దాన్ని దాటడానికి గోడకు కాలు తన్ని ఎగబాకాలి. అనంతయ్య మోకాలు అక్కడ గుచ్చుకొని కేక గొంతుదాకా వచ్చింది, మింగేశాడు. ఆ పైన నేల చదునైంది, గాలి చల్లబడింది. ఎదురుగా వెలుతురు.

గుహ నోరు పెద్ద వాకిలంత ఉంది. వాకిలికి తెరలు కట్టినట్టు ఎనిమిది తేనెపట్లు వేలాడుతున్నాయి. ఒక్కోటి చాటంత, తలుపంత. వేల ఈగల రెక్కలు ఒకేసారి వణికి, ఆ వణుకు పట్టు మీద అలలా పైనుంచి కిందికి జారుతోంది. ముగ్గురూ మాట మానేశారు. లింగన్న చేత్తో చూపించాడు. పట్ల అంచులకు, నేలకు మధ్య జానెడు ఖాళీ ఉంది. తల పెట్టే సందు కాదు. తల పెట్టే ధైర్యమూ ఎవరికీ లేదు.

అనంతయ్య బోర్లా పడుకున్నాడు. కెమెరా వెనక తెర మడత విప్పి పైకి తిప్పాడు. చేతిని నేల వెంట, అంగుళం అంగుళం, పట్ల కిందుగా జరిపాడు. కెమెరా బయటికి చూస్తోంది; అతను లోపల నుంచి తెరను చూస్తున్నాడు. చప్పుడు రాకుండా ముందే మీట మార్చి పెట్టాడు. ఒక ఈగ అతని మణికట్టు మీద వాలింది. నడిచింది. ఆగింది. అనంతయ్య ఊపిరి బిగబట్టి బొత్తాం నొక్కాడు. నొక్కిన సంగతి ఈగకు కూడా తెలియలేదు.

చెయ్యి వెనక్కి వచ్చాక ముగ్గురి తలలు ఆ చిన్న తెర మీద కలిశాయి. లోయ అంతా ఉంది. మెట్ట ఉంది. వరసగా మామిడి చెట్లున్నాయి. చెట్ల మధ్య పొదల్లో మునిగిన రాళ్ల వరసలు, నలుచదరాలుగా.

లింగన్న మొహం వాడిపోయింది.

"పొదలు కమ్మినాయి" అన్నాడు గుసగుసగా. "దీన్ని సూసి ఇండ్లంటే నమ్ముతారా శెట్టీ? పశువుల దొడ్లు అంటారు. మనుషులున్నారని యాడుంది దీంట్లో?"

సరుకు మంచిదే, కొనేవాడికి కావలసింది అందులో లేదు. అది అనంతయ్యకు తెలిసిన బాధే. దాన్ని పక్కన పెట్టి టార్చి వెనక్కి తిప్పాడు. గుహ గోడలో ఛాతీ ఎత్తున ఒక అరుగు. అరుగు మీద పొడి దుమ్ములో మూడు టేకు పెట్టెలు.

మొదటి పెట్టె కొక్కెం విరిచి మూత ఎత్తాడు. లోపల గాడులు. ఒక్కో గాడిలో నిలువుగా ఒక్కో గాజు పలక, పన్నెండు. రెండో పెట్టెలో పన్నెండు. మూడో దానిలో పన్నెండు.

అనంతయ్య చతికిలబడ్డాడు.

"ఏమాయ?" అన్నాడు దస్తగిరి, చెవి దగ్గర.

"వెండే నాయనా, అబద్ధం రాయలేదు ఆయన. గాజు మీద పూసే మందు వెండి ఉప్పే గదా. అందుకే వీటిని వెండి పలకలని పిలుచుకున్నాడు." తల కొట్టుకోబోయి, చప్పుడవుతుందని ఆగాడు. "వెండి అమ్మేవాళ్లు కడ్డీ అంటారు, దిమ్మె అంటారు. పలక అనరు. పలక అనేది మన వృత్తిలోనే. నలభై ఏళ్లు కెమెరాలు అమ్మి, వెండి అన్న మాట చూసి పలక అన్న మాటను మరిచిపోయినా."

దస్తగిరికి నవ్వు పొంగింది. నోట్లో తువ్వాలు కుక్కుకొని, గోడకు ఆనుకొని, కన్నీళ్లు కారేదాకా నిశ్శబ్దంగా కదిలిపోయాడు.

లింగన్న మాత్రం ఒక పలక తీసి వెలుగుకు ఎత్తాడు. అతనికేమీ అర్థం కాలేదు. నల్లటి ఆకాశం, తెల్లటి మనుషులు. అనంతయ్య దాన్ని ఫోటో తీసి కెమెరాలో ఒక మీట తిప్పాడు. తెలుపు నలుపు తిరగేసి చూపే ఏర్పాటు అది. దాని ఉపయోగం ఏమిటో ఇన్నేళ్లలో ఏ కొనుగోలుదారుకీ అతను చెప్పలేకపోయాడు.

తెర మీద మోదుగు పెంట లేచి నిలబడింది. గడ్డి కప్పిన గుండ్రటి గుడిసెలు. రోలు ముందు కూర్చున్న ముసలామె. విల్లు పట్టుకున్న మనిషి. నడుమెత్తు మామిడి మొక్కలు, వరసగా.

లింగన్న వేలు తెర దాకా వచ్చి, తాకకుండా ఆగింది. "మా జేజి. మా నాయన తల్లి" అన్నాడు. "ఆ రోలు ఇప్పటికీ మా ఇంట్లో ఉండాది."

ఆ క్షణంలోనే ఉరిమింది. పట్ల మీది అల ఒక్కసారి గట్టిగా కొట్టుకుంది. లింగన్న సందు వైపు తిరిగి చెవి పెట్టాడు. రాతి మీద సన్నటి గలగల.

"సందులోకి నీళ్లు దిగుతుండాయి. పదండి!"

"ఒక పెట్టె మోసుకుందాం" అన్నాడు దస్తగిరి.

"సందులో పెట్టె పట్టదు. నీ సంచే పట్టలేదు" అన్నాడు అనంతయ్య. పలకకు పావుకిలో, ముప్పై ఆరు పలకలకు తొమ్మిది కిలోలు, పైన పెట్టెలు. గాజు. పాకే దారి. నీళ్లు. ఆ పాత ఫోటోగ్రాఫరు ఏ బరువుకు ఓడిపోయి ఇక్కడ వదిలాడో, అదే బరువు మళ్లీ ముందు నిలబడింది. "మోసేది లేదు. తీసేదే. లింగన్నా, ఎంతసేపుంది?"

"ఒక బీడీ కాలేంతసేపు. రెండు బీడీలంటే చస్తాం."

"గుడిసెలు, మనుషులు ఉన్నవి ముందు ఇయ్యి. ఉత్త కొండలు తర్వాత. దస్తగిరీ, నువ్వు వెలుగుకు పట్టు. కదిలించొద్దు!"

లింగన్న తీసి ఇచ్చాడు. దస్తగిరి పట్టుకున్నాడు. అనంతయ్య నొక్కాడు. మళ్లీ. మళ్లీ. పెళ్లి మంటపంలో వేలమందిని నిలబెట్టిన దస్తగిరి చేతులు ఇప్పుడు గాజును రాయిలా నిలబెట్టాయి. ఆరు. ఏడు. బూజు తిన్నవి వదిలేశారు. పదహారో పలక దగ్గర బ్యాటరీ గుర్తు ఎర్రబడింది. పంతొమ్మిది దగ్గర కెమెరా కన్ను మూసింది.

చిన్న కెమెరాకు చిన్న బ్యాటరీ. ఈ లోపం అమ్మేటప్పుడు అతను ఎవరికీ ముందుగా చెప్పడు. అదనపు బ్యాటరీ తీశాడు. అది దుకాణంలో ఎవరూ కొనక మిగిలిపోయిన పాతది. వేశాడు. వెలిగింది. సగం కూడా లేదు.

"సందులో నీళ్లు జానెడు లేచినాయి శెట్టీ!"

"ఇయ్యి!"

ఇరవై. ఇరవై మూడు. ఇరవై ఆరు. ఇరవై ఏడో పలక నిలబెడుతుండగా తెర ఆరిపోయింది. మరి వెలగలేదు.

లింగన్న పలకలను గాడుల్లో దించి, మూడు మూతలూ వేశాడు. పెట్టెల ముందు ఒక్కసారి వంగి నేలను తాకాడు. "ఇన్నేండ్లు పొడిగా ఉంచింది ఈ గవి. ఇంకా ఉంచుతాది. మా వాళ్లు ఈడనే ఉండనీ" అన్నాడు.

అటుకులు అరుగు మీద పారబోసి, ఆ ప్లాస్టిక్ కవరులో కెమెరాను చుట్టి, లింగన్న దాన్ని తన తలపాగా నడుమ బిగించి కట్టుకున్నాడు. ముగ్గురూ సందులోకి దిగారు.

ఎండి ఉన్న దారి ఇప్పుడు కాలువ. చల్లటి ఎర్రనీళ్లు గడ్డం దాకా వచ్చి కొడుతున్నాయి. నిలువు గుంట దగ్గరికి వచ్చేసరికి నీళ్లు అందులోకి సుడి తిరుగుతూ పడుతున్నాయి. పొద్దున కాలు పెట్టిన గోడ కనిపించలేదు. లింగన్న దూకి అవతలి అంచు పట్టుకున్నాడు. అనంతయ్య మోకాలు లేవలేదు. కాలు జారింది. భుజాన ఉన్న సంచి బండకు కొట్టుకొని లోపల గాజు పగిలిన చప్పుడు వచ్చింది. నీళ్లు అతన్ని గుంటలోకి లాగాయి.

"తాడు!" అని అరిచాడు దస్తగిరి. "లింగన్నా, తాడెయ్యి!"

"కట్టేదానికి ఏం లేదన్నా, అంతా నున్నటి బండే!"

దస్తగిరి ఒక చేత్తో అనంతయ్య చొక్కా పట్టుకొని, రెండో చేత్తో ఇనుప స్టాండు కాళ్లు విదిలించాడు. గుంట మీద రెండు గోడల మధ్య దాన్ని అడ్డంగా పెట్టి, కాలితో తన్ని బిగించాడు. నాలుగు కిలోల ఇనుము రాతిలో కరుచుకుంది. లింగన్న తాడు దానికి మెలి వేసి అవతల లాగిపట్టాడు. అనంతయ్య తాడు పట్టుకొని, స్టాండు మీద రొమ్ము ఆనించి, ఒక్కొక్క జానెడు జరిగి అవతలికి చేరాడు. వెనక దస్తగిరి వచ్చాడు.

"స్టాండు?" అన్నాడు అనంతయ్య దగ్గుతూ.

"దాన్ని పీకితే నేను పోతా. ఉండనీ!"

వెలుతురు. గాలి. వాన. ముగ్గురూ సందు నోట్లో నుంచి రాళ్ల మీదికి దొర్లి, బోర్లా పడి, అలాగే ఉన్నారు. వెనక సందు గొంతు నిండి బుసకొట్టింది.

రాతి అరుగు కింద నుంచి నీళ్లు పారి దస్తగిరి సంచి అడుగు నానిపోయింది. మూడు లెన్సుల్లో రెండింటి లోపల నీటిచుక్కలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. అతను వాటికి మూతలు బిగించి సంచిలో పెట్టాడు. లింగన్న తలపాగా విప్పి కవరు తీశాడు. లోపల పొడిగా ఉంది. అయినా బ్యాటరీ చచ్చిపోయింది గనక, అందులో ఏముందో, ఏం పోయిందో కొండ దిగి, జీపెక్కి, నంద్యాల చేరేదాకా ఎవరికీ తెలియదు. ఆ దారంతా లింగన్న ప్రతి మైలుకూ కవరు తడిమి చూసుకున్నాడు.

దుకాణంలో కెమెరాకు తీగ తగిలించి ముగ్గురూ కంప్యూటరు ముందు నిలబడ్డారు. లోయలో ఎండ పట్టీ వచ్చింది. మెట్ట వచ్చింది. తర్వాత ఒక్కొక్కటిగా ఇరవై ఆరు పలకలూ వచ్చాయి. ఇరవై మూడోది రాగానే అనంతయ్య కుర్చీలో నుంచి లేచాడు. ఆ పాత ఫోటోగ్రాఫరు దాన్ని గుహ నోటి నుంచే తీశాడు. తాను నేల మీద చెయ్యి జరిపి తీసిన చోటు నుంచే.

సోమవారం విచారణ మండల కేంద్రంలోని ఒక సత్రం వసారాలో జరిగింది. విచారణాధికారి నడివయసు స్త్రీ. కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి చూసే అలవాటుంది. లీజు అడిగిన పక్షం మనిషి ఒకడు, ఒక గుమాస్తా, లింగన్న వెంట పెంట వాళ్లు పదిహేను మంది. దస్తగిరి రెండు పెద్ద ఫోటోలు బల్ల మీద పక్కపక్కనే పెట్టాడు. ఒకటి పాతది, ఒకటి మొన్నటిది.

"ఇవి పశువుల దొడ్లు మేడమ్" అన్నాడు లీజు మనిషి, రాళ్ల వరసలు చూపించి.

ఆమె స్కేలు తీసుకుంది. పాత ఫోటోలో మామిడి మొక్కల వరస మీద పెట్టింది. కొత్త ఫోటోలో మామిడి చెట్ల వరస మీద పెట్టింది. కొండ గీత కొండ గీతకు సరిపోయింది. పాత ఫోటోలో గుడిసె ఉన్నచోటల్లా కొత్త ఫోటోలో రాళ్ల చదరం ఉంది.

"రెండూ ఒకే చోటు నుంచి తీశారా?"

"జానెడు తేడా కూడా ఉండదమ్మా" అన్నాడు అనంతయ్య. "అంత సందే ఉండె."

ఆమె మిగతా పలకల ఫోటోలు తిరగేసింది. రోలు, ముసలామె, విల్లు, పొయ్యి మీద కుండ. చివరికి కళ్లద్దాలు తీసింది.

"ఊరున్న జాగా అని రాయి. లీజు ఆపుతున్నాను. సర్వే అయ్యేదాకా అక్కడ గునపం పడకూడదు" అంది గుమాస్తాతో. "ఇళ్లు ఎన్ని?"

గుమాస్తా పాత ఫోటో మీద పెన్ను కొనతో లెక్కపెట్టాడు. "పన్నెండు మేడమ్." రాసేశాడు.

"కాదు" అన్నాడు లింగన్న.

వసారా అంతా అతని వైపు తిరిగింది. లీజు మనిషి కూడా. అనంతయ్య లింగన్న చెయ్యి నొక్కాడు. వచ్చిన లెక్కను ఎవడైనా తగ్గించుకుంటాడా! లింగన్న ఆ చెయ్యి మెల్లగా విడిపించుకొని బల్ల దగ్గరికి పోయాడు. ఒక్కొక్క గుడిసె మీద వేలు పెట్టి పేరు చెప్పాడు. "ఇది మా జేజిది. ఇది తోకల గురవన్నది. ఇది మండ్ల బయన్నది. తూర్పు వాకిలి ఉండేది ఉడుముల ఈరమ్మది." చెబుతూ పోయాడు. ఒక పేరు దగ్గర ఆగితే వెనక నుంచి ఒక ముసలి గొంతు అందించింది. వేలు చివరి దాని మీద ఆగింది. మిగతా వాటికంటే చిన్నది, నాలుగు కొయ్యల మీద నల్లగుడ్డ కప్పింది.

"ఇది మాది కాదమ్మా. ఇది ఆ ఫోటోలు తీసినాయన గుడారం. ఆయన వచ్చినాడు, పోయినాడు. ఉన్నది మేం."

అధికారి ఆ నల్లగుడ్డను దగ్గరగా చూసింది. లీజు మనిషి కాగితాలు సర్దుకున్నాడు.

గుమాస్తా పన్నెండు కొట్టేసి, పక్కన పదకొండు అని రాశాడు.